ఫొటో వైపు తిప్పిన యాంటెన్నా

మా ఆయన క్రాంతికుమార్ యాంటెన్నాల మీద ముప్పై ఎనిమిది పరిశోధన పత్రాలు రాశారు. బిగించింది మాత్రం ఒక్కటీ లేదు. ఖమ్మంలో మా మేడ మీద టీవీ యాంటెన్నా గాలికి ఒరిగితే, కంప్యూటర్‌లో దాని బొమ్మ గీసి, ఎంత ఒరిగిందో లెక్కకట్టి చెప్పారు. నేను మేడెక్కి సరిచేసి వచ్చాను.

ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన అసోసియేట్ ప్రొఫెసర్ అయి తొమ్మిదేళ్లు గడిచాయి. 2008లో ప్రొఫెసర్ పోస్టు భర్తీకి కమిటీ కూర్చోబోతుండగా కొత్త నిబంధన వచ్చిపడింది. పరిశోధన వల్ల ఎవరికైనా మేలు జరిగినట్టు, ఆ మేలు పొందినవాళ్లే రాసి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర వేసి ఇవ్వాలట. ఆ కాగితం లేకపోతే ఇంటర్వ్యూకే పిలవరు. ఆ రోజు ఆయన అన్నం ముందు చాలాసేపు కూర్చున్నారు. మేలు పొందినవాళ్లు ఎవరా అని ముప్పై ఎనిమిది పత్రాలూ మనసులో తిరగేస్తున్నారని అర్థమైంది.

"మీ చెల్లె ఇన్నమ్మ ఉన్నది గదా," అన్నారు చివరికి.

ఇన్నమ్మ మా చిన్నమ్మ కూతురు. చర్ల దాటి పన్నెండు కిలోమీటర్ల అవతల, అడవి అంచున ఉన్న ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. అక్కడొక వైర్‌లెస్ ఫోన్ ఉంది కానీ సిగ్నల్ అందదు. కాన్పు కష్టమైతే 108 బండిని పిలవడానికి ఎవరో ఒకరు సైకిల్ మీద చర్ల దాకా పోవాలి.

ఉన్నమాట చెప్పాలి. ఆ ఫోన్ కోసం మా ఆయన గీసిన యాంటెన్నా మంచిదే. ఆ కొలతల ప్రకారం చర్లలో టీవీలు బాగుచేసే ఖాలిద్ అల్యూమినియం కడ్డీలతో తయారుచేశాడు. ఉపకేంద్రం గోడకు ఇనప పైపు నిలబెట్టి, పైన దాన్ని బిగించి, చర్ల టవర్ వైపు తిప్పాడు. గురువారం ఇన్నమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, నీ గొంతు పక్కింట్లకెళ్లి వచ్చినట్టే ఉన్నది. బావకు చెప్పు, సంతకం పెడ్త అని."

అక్కడితో ఆగితే సరిపోయేది. ప్రారంభోత్సవం లేకుండా మేలు జరిగినట్టు ఎవరు నమ్ముతారని మా ఆయన శనివారం ప్రిన్సిపాల్‌ను, ఫొటోగ్రాఫర్‌ను, రిబ్బన్‌ను, శాలువాను రెండు జీపుల్లో ఎక్కించారు. పులిహోర పట్టుకోవడానికి నన్నూ ఎక్కించారు.

యాంటెన్నా వెనక భాగాన ఒక రేకు ఉంది. దాని మీద ఎర్ర రంగుతో 'రూపకల్పన: డాక్టర్ క్రాంతికుమార్' అని రాయించారు. యాంటెన్నా ముఖం వాకిలి మీదుగా చర్ల వైపు ఉంది కాబట్టి రేకు అడవి వైపు ఉంది. వాకిట్లో నిలబడిన ఫొటోగ్రాఫర్‌కు పేరు కనబడదు. ఖాలిద్ కుర్చీల కోసం ఊళ్లోకి పోయి ఉన్నాడు. మా ఆయన క్లాంపు వదులుచేసి పైపును అర చుట్టు తిప్పారు. ఆయన చేత్తో తిప్పిన మొదటి యాంటెన్నా అదే.

ఫొటోలో పేరు చక్కగా పడింది. ప్రిన్సిపాల్ రిబ్బన్ కత్తిరించి, శాలువా కప్పించుకుని, ఫోన్ ముట్టుకోకుండానే మరో జీపులో వెళ్లిపోయారు.

"ఇగ రాయి ఇన్నమ్మా," అన్నారు మా ఆయన కాగితం చాపి.

"రాస్త బావా. ముందుగాల ఒక్క ఫోన్ కలవనీయి."

ఫోన్‌లో చప్పుడే లేదు. మా ఆయన గాలిలో తేమ గురించి, వెదురు ఆకుల గురించి, తరంగాలు చెట్లకు తగిలి చెదరడం గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. ఇన్నమ్మ చేతులు కట్టుకుని విన్నది.

"గురువారం గూడ ఆకులు ఉండె గద బావా."

అప్పుడే ఖాలిద్ కుర్చీలతో వచ్చాడు. పైకి చూశాడు.

"సార్, టవర్ మీ ఎనకాల ఉన్నది. ఇది అడివి దిక్కు చూస్తున్నది. అడివిల ఎవలకు ఫోన్ జేస్తరు?"

మా ఆయన పీహెచ్‌డీ అంతా యాంటెన్నా ఏ దిక్కు చూడాలన్న దాని మీదే. ఖాలిద్ పైపు తిప్పాడు. ఫోన్ పలికింది. ఇన్నమ్మ బల్ల ముందు కూర్చుని, తడుముకోకుండా రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది.

'గురువారం ఫోన్ పనిచేసింది. శనివారం ఉదయం 10 గంటలకు డాక్టర్ క్రాంతికుమార్ గారు ఫొటో కోసం యాంటెన్నా తిప్పినారు. పనిచేయలేదు. మధ్యాహ్నం 1 గంటకు ఖాలిద్ మళ్లీ తిప్పినాడు. పనిచేసింది. యాంటెన్నా మంచిది. ఇకమీదట ఎవరూ తిప్పరాదు.'

"గిట్ల రాస్తరా ఎవరన్న?" అన్నారు మా ఆయన.

"కేసు షీటు గిట్లనే రాస్తం బావా. ఏ టైముకు ఏమైందో గదే."

భద్రాచలం దాటాక జీపులో నెమ్మదిగా అన్నారు. "నీ దస్తూరి గుండ్రంగ ఉంటది. కొంచెం మంచిగ మళ్ల రాయరాదూ?"

"రాస్తాను. ముద్ర ఎక్కణ్నుంచి తేను?"

గడువు సోమవారం. ఆ కాగితమే పెట్టారు.

కమిటీలో ముగ్గురు. ముగ్గురికీ తెలుగు వచ్చు. నెల తిరక్కుండా మా ఆయన ప్రొఫెసర్ అయ్యారు. ఆ సంగతి తెలిసి ఇన్నమ్మ ఫోన్ చేసింది.

"సంతోషం అక్కా. నేను రాసింది సదివిన్రా వాళ్లు?"

"ముద్ర బాగా పడిందన్నారట," అన్నాను.