ఎడమచేతి ముఖం

నేను ఒక నల్లటి పలకను. బలపంతో పని లేదు, నాకంటూ ఒక పెన్ను ఉంది. దానితో నా మీద గీస్తే బొమ్మ ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర మీద పడుతుంది.

ఏ దేశపు ఫ్యాక్టరీలోనో పుట్టి హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోకి చేరాను. అక్కడ నా యజమాని పని ఏదో విదేశీ కార్టూన్‌లో ఎలుగుబంటి చెవులు గీయడం. చెవులు మాత్రమే. ఆ ఎలుగుబంటి కథేమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అసలే నాకు కుదురు తక్కువ. కథ తెలియకుండా చెవులు ఆడించడం నాకు ఒళ్లుమంట. స్టూడియో మూతపడ్డాక పాత సామాన్ల అంగట్లో కొన్నాళ్లు దుమ్ము తిన్నాను. చివరికి ప్రొద్దుటూరులో ఫ్లెక్సీలు వేసే షాపుకి, షాహీన్ అనే అమ్మాయి చేతికి వచ్చాను.

ఫ్లెక్సీ షాపులో ముఖాలకు కొదవా? పుట్టినరోజు నాయకులు, పదవి వచ్చిన నాయకులు, రావాలని మొక్కుకునే నాయకులు. షాహీన్ ప్రతి ముఖానికీ ముడతలు చెరిపేది, రంగు తేల్చేది, పెదవుల చివరలు కాస్త పైకి లాగేది. ఎంత చిటపటలాడే మనిషైనా మా దగ్గరి నుంచి చల్లని మారాజై బయటికి పోవలసిందే.

ఆర్డర్లు లేని మధ్యాహ్నాలు మాత్రం మావి. షాహీన్ ఒక కథను బొమ్మల సినిమాగా తీస్తోంది. ఓబులేసు గారని ఆ ఊళ్లోనే ఉండే పెద్దాయన ఏనాడో రాసిన కథ అది. శనగనూనె మిల్లు మూసేస్తారు. కాయలు చెరిగే ఆడమనిషి మర్నాడు కూడా వచ్చి, మూసిన గేటు ముందు చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. 'ఆమెకు ఆకలిగా లేదు, అవమానంగా ఉంది' అని కథ ముగుస్తుంది. ఆ ఒక్క వాక్యం కోసమే ఆయన్ను తలుచుకునేవాళ్లున్నారు.

అంతకు ముందు ఎవరో ఆయన కథలోకి రెండు పాటలు దూర్చి వీడియో తీశారట. అందుకని ఆయన షాహీన్‌కి ఒక షరతు పెట్టాడు. "నేను సూసి సరే అంటేనే బయటికి ఇడవాల. లేదంటే నీకాడే ఉండిపోవాల." షాహీన్ ఒప్పుకుంది. సెకను కదలికకు డజను బొమ్మలు. నెలల తరబడి నా ఒంటి మీద పెన్ను ఆగింది లేదు. ఒకరి చెవులు కాదు, ఒక మనిషి మొత్తం. నాకు పూనకం వచ్చినట్టుండేది.

పెద్దాయన వచ్చాడు, చూశాడు. మీసం కింద నవ్వుకుని అడిగాడు.

"ఈమెను ఏ వార్డులో నిలబెడ్తాండావమ్మా?"

షాహీన్ తెర వైపు చూసి తెల్లబోయింది. ఎండలో చెరిగి చెరిగి బతికిన మనిషి గేటు ముందు నున్నగా, తెల్లగా, ఓట్లడుగుతున్నట్టు నవ్వుతోంది. అలవాటైన చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. నాకు ముందే తెలుసు, కానీ నోరేదీ?

ఆ తర్వాతి రోజులు నరకం. షాహీన్ ముడత గీసేది, మరుక్షణం తన చెయ్యే దాన్ని చెరిపేది. గీయడం, చెరపడం. ఒక మధ్యాహ్నం విసిగిపోయి పెన్ను ఎడమచేతిలోకి తీసుకుంది.

ఎవరో కొత్త మనిషి వచ్చి నా ముందు కూర్చున్నట్టనిపించింది. ఆ చేతికి ఎవరినీ మెప్పించడం రాదు. గీత వణికింది, ఆగింది, మళ్లీ బయలుదేరింది. ముఖం వంకరగా వచ్చింది. ఆ వంకరలోనే ఆ మనిషి వచ్చింది. ప్రతి బొమ్మా అలాగే గీసింది. పక్కన ఫ్లెక్సీల కోసం వచ్చినవాళ్లు తిట్టుకుంటూ ఎదురుచూశారు.

పెద్దాయన రెండోసారి వచ్చాడు. తెర మీద ఆమె కూర్చుంది. గేటు వైపు చూసింది, చేటను బోర్లించుకుంది. ముఖం సన్నగా అదురుతోంది. దాని కింద తెల్లటి అక్షరాల్లో ఆయన వాక్యం వచ్చింది. ఆయన ఇంకోసారి వెయ్యమన్నాడు.

"బయటికి ఇడువు," అన్నాడు. "ఆ ఆఖరి మాట తీసేసి."

"అది లేకుంటే ఎట్ల సార్? అందరికీ గుర్తుండేది ఆ మాటే కదా."

"నిజమే. అది రాసేటప్పుడు నాకు ఆమె ముఖం కనపడల్యా. అందుకే రాస్తి."

షాహీన్ కదల్లేదు. ఆయనే పెన్ను అందుకున్నాడు. కంప్యూటర్ సంగతి ఆయనకేం తెలుసు? కాగితం మీద కొట్టేసినట్టు, బలమంతా పెట్టి నా మీద అడ్డంగా గీశాడు. తెర మీద వాక్యం చెక్కుచెదరలేదు. గీత నా ఒంటి మీద లోతుగా దిగింది.

తర్వాత షాహీన్ ఆ వాక్యాన్ని తీసేసింది. ఆయన అప్పటికి అటు తిరిగి కూర్చున్నాడు.