బసవమ్మ అంటే ఊరు కాదు

సత్తెనపల్లిలో గుంటూరు రోడ్డు మీద బుడాన్ పరుపుల కొట్టు తెలియనివాళ్ళు లేరు. పెళ్ళికి కొత్త పరుపు కుట్టించాలన్నా, పాత పరుపులో దూది ఏకించాలన్నా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడికే వచ్చేవాళ్ళు. ఆ బుడాన్ రెండో కూతురు నగ్మా. 2001లో ఆ పిల్ల చదువుకోవడానికి హాలండ్ వెళ్తోందని తెలిసిన రోజు కొట్టు ముందు చిన్న సైజు మీటింగే జరిగింది.

"కంప్యూటర్సా మామా?" అని అడిగాడు పక్కనే పురుగుమందుల కొట్టు నడిపే వీరబాబు.

"కాదు. హిస్టరీ."

"హిస్టరీనా! దానికి విమానం ఎక్కాలా? మన హిస్టరీ మన దగ్గర లేదా ఏంటి?"

"మొత్తం లేదంట వీరబాబూ. డచ్చివాళ్ళు మన సముద్రం ఒడ్డున కంపెనీలు పెట్టుకుని, రోజూ జరిగిందల్లా కాగితాల మీద రాసుకుని, పోతా పోతా పట్టుకుపోయారంట. మన సంగతులు వాళ్ళ బీరువాల్లో ఉన్నాయి. ఎవరో ఒకళ్ళు వెళ్ళి చూడాలి గదా!"

"చూసి?"

"చూశాక చెప్తుందిలే. ముందు పోనియ్" అన్నాడు బుడాన్. ఆ మాట అన్నాక అతను కూర్చున్న తీరే మారిపోయింది. వెన్ను నిటారుగా పెట్టి, వచ్చేపోయే వాళ్ళందరి వంకా చూడటం మొదలుపెట్టాడు.

నగ్మా ఇంటర్ పాసైన ఏడు గుంటూరు జిల్లా మొత్తం కంప్యూటర్ల వెంట పడింది. ఆ పిల్ల మాత్రం బి.ఏ.లో చేరి, తర్వాత ఎం.ఏ. హిస్టరీకి వెళ్ళింది. అక్కడ పాఠం చెప్పే ఇమ్మానియేలు మాస్టారు ఒకరోజు మాటల్లో, "డచ్చివాళ్ళు పేటపోలి అని రాసుకున్నది ఎక్కడో కాదు, మన నిజాంపట్నమే" అన్నారు. ఆ ఆదివారమే నగ్మా బస్సెక్కి రేపల్లె మీదుగా నిజాంపట్నం వెళ్ళింది. చేపల పడవలు, ఐసు పెట్టెలు, ఎండలో ఆరేసిన వలలు. ఇక్కడ ఒకప్పుడు విదేశీ కంపెనీ ఉండేదట కదా అని ఇద్దరు ముగ్గురిని అడిగితే, రొయ్యల కంపెనీకి దారి చూపించారు. అంతపెద్ద రేవు సంగతి ఆ ఊరికే గుర్తు లేకుండా పోవడం ఆ పిల్లకి మింగుడుపడలేదు. ఆసియా విద్యార్థులకు డచ్చి భాష నేర్పి, పాత కంపెనీ కాగితాల మీద పరిశోధన చేయించే స్కాలర్‌షిప్ ఉందని మాస్టారు చెప్పగానే, ఇంట్లో కూడా అడక్కుండా దరఖాస్తు పెట్టేసింది.

హాలండ్‌లోని లైడెన్ యూనివర్సిటీకి వెళ్ళిన మొదటి వారంలోనే ఆమె గైడు ప్రొఫెసర్ మార్గ్రిట్ పిలిచి మాట్లాడింది. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. కాఫీ ఇచ్చి, "మీకు ఉర్దూ, పర్షియన్ వచ్చే ఉంటాయి. గోల్కొండ నవాబుల ఫర్మానాల మీద పని చేస్తే బావుంటుందేమో!" అంది.

"నాకు ఆ రెండూ రావండీ."

"ఇంట్లో ఏం మాట్లాడతారు?"

"తెలుగు. మా తాతల కాలం నుంచీ తెలుగే. మాది దూది ఏకే వృత్తి. మావాళ్ళందరూ తెలుగే మాట్లాడతారు."

మార్గ్రిట్ కొంచెం ఇబ్బందిగా నవ్వింది. "మరి పేటపోలి కాగితాలే చూస్తానంటారా? వాటిని ప్రొఫెసర్ టెర్‌బేక్ గారు ఎప్పుడో చదివేశారు. కొత్తగా ఏం దొరుకుతుందో నేను చెప్పలేను."

"ఆయన చదివినవి నేనూ ఒకసారి చూస్తానండీ" అంది నగ్మా. పొగరుతో అన్న మాట కాదు. ఆ కాగితాల్లో ఆమెకి తెలిసిన ఊరు అదొక్కటే.

మొదటి ఏడు భాషతోనే సరిపోయింది. డచ్చి మాటలు గొంతులోంచి గీరుకుంటూ రావాలి. మాట్లాడటం ఒక ఎత్తు, పదిహేడో శతాబ్దపు చేతిరాత ఇంకో ఎత్తు. అక్షరాలన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని పాకుతున్నట్టుండేవి. ఒక్క పేజీ చదవడానికి వారం పట్టేది. ముసురు పట్టిన ఆకాశం కింద సైకిలు తొక్కుకుంటూ గదికి వస్తుంటే, సత్తెనపల్లి ఎండ గుర్తొచ్చి ఏడుపొచ్చిన రోజులున్నాయి. అయినా ఫోన్‌లో బుడాన్ "ఎట్టా ఉందమ్మా చదువు?" అంటే, "దూది ఏకినట్టే ఉంది నాన్నా. ముడులు విప్పుకుంటా పోవడమే" అనేది. ఆ మాట మర్నాడు కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చేరేది.

రెండో ఏడు చలికాలంలో హేగ్ నగరంలోని పాత కాగితాల భవనంలో ఆమెకి పేటపోలి కట్టలు ఇచ్చారు. కంపెనీ గుమాస్తా ఒకడు రాసిన దినచర్య అది. ఆ రోజుల్లో నిజాంపట్నం ఇసక నేలల్లో చిరివేరు అనే మొక్క బాగా పెరిగేది. దాని వేళ్ళతో బట్టకి వేసే ఎర్ర రంగు ఎన్ని ఉతుకులకైనా పోయేది కాదు. కంపెనీకి ఆ వేళ్ళు కావాలి. ఒక ఏడు ఎందుకో తవ్వకం ఆగిపోయింది. గుమాస్తా గాభరాపడుతూ దాని గురించే రాశాడు.

ఈ పేజీని టెర్‌బేక్ తన పుస్తకంలో ఎప్పుడో అచ్చువేశారు. "బస్సెవమ్మ జనం కొండల వైపు పోయారు" అని ఒక వాక్యం. దాని కింద చిన్న అక్షరాల్లో వివరణ: బస్సెవమ్మ, ఒక గ్రామం, ఇప్పుడు లేదు. తర్వాతి వాక్యం: "మళ్ళీ మళ్ళీ అడిగినా ఒద్దూ ఒద్దూ అనే జవాబు." దానికీ వివరణ ఉంది: ఒద్దూ, బహుశా వేళ్ళు కొలిచే కొలమానం.

నగ్మా అసలు కాగితం ముందు పెట్టుకుని, పెదవుల కిందే మెల్లగా చదువుతోంది. అచ్చులో చూసినప్పుడు అనిపించలేదు గానీ, నోటితో పలికేసరికి ఒళ్ళు జల్లుమంది. మళ్ళీ పలికింది, ఈసారి గట్టిగా.

"ఒద్దూ ఒద్దూ."

పక్క బల్ల దగ్గర ముసలాయన తలెత్తి చూశాడు. పర్యవేక్షకురాలు పెదవి మీద వేలు పెట్టుకుంది. నగ్మాకి నవ్వాగలేదు, నవ్వుతూంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. బయటికి పరుగెత్తి, రోడ్డు పక్క ఫోన్ బూత్‌లో కార్డు పెట్టి ఇంటికి చేసింది.

"నాన్నా, మన తెలుగావిడ ఒకామె దొరికింది. బసవమ్మ. మూడొందల యాభై ఏళ్ళ కిందటి మనిషి."

"అక్కడ దొరికిందా! ఏమందంట?"

"ఒద్దందంట నాన్నా."

"ఎవరితో?"

"కంపెనీ వాళ్ళతో. ఎన్నిసార్లు అడిగినా ఒద్దు ఒద్దు అనే అందంట. వాడికి అర్థంగాక, విన్నది విన్నట్టు రాసి పెట్టాడు."

బుడాన్ "గట్టి మనిషే" అన్నాడు.

నగ్మా ఇదంతా వ్యాసంగా రాసి, వసంతకాలంలో యూనివర్సిటీ సెమినార్‌లో చదివింది. టెర్‌బేక్ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, చేతికర్ర, తెల్లటి కనుబొమలు. ఆమె చదవడం అయ్యాక ఆయన కటువుగానే మాట్లాడారు.

"అమ్మాయీ, తెలుగులో ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుందని మీరే చెప్పారు. అలాంటప్పుడు చివర అచ్చు ఉన్న ఏ శబ్దమైనా మీ చెవికి తెలుగులాగే వినిపిస్తుంది. మనకి కావలసింది వినిపించడం వినిపించకపోవడం కాదు. రుజువు."

నగ్మాకి మొహం వేడెక్కిపోయింది. కానీ గదికి వచ్చి ఆలోచిస్తే, ఆయన అడిగినదాంట్లో అన్యాయమేమీ కనిపించలేదు. తన మాట మీద తనకి నమ్మకం ఉన్నంతమాత్రాన చరిత్ర అయిపోదు. రుజువు కావాలంటే తేవాల్సిందే.

మర్నాటి నుంచీ మళ్ళీ హేగ్ రైలెక్కింది. ఆ గుమాస్తా చేతిరాత ఏ కట్టలో కనిపించినా వదల్లేదు. బాపట్లని ఎలా రాశాడు, చీరాలని ఎలా రాశాడు, "రేపు" అన్న మాట ఎలా విన్నాడు, "లేదు" అన్నది ఏ అక్షరాలతో పెట్టాడు, అన్నీ పోల్చి చూసింది. వాడి చెవి ఎలా పనిచేసేదో ఆమెకి పట్టుబడిపోయింది. తెలుగు మాట చివరి ఉకారాన్ని వాడు ప్రతిచోటా ఒకేలా రాశాడు. "రేపు" రాసిన చోటా, "లేదు" రాసిన చోటా, "ఒద్దు" రాసిన చోటా అవే రెండు డచ్చి అక్షరాలు.

వేసవిలో ఇంకో కట్టలో ఆ కథ మిగతా భాగం బయటపడింది. బసవమ్మ తన వాళ్ళందరినీ తీసుకుని కొండవీటి వైపు వెళ్ళిపోయింది. వేళ్ళు తవ్వేది ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళు. వాళ్ళు పనిచేసే చోట కంపెనీ బంట్లు అడుగు పెట్టకూడదన్నది ఆమె షరతు. రంగు లేక అద్దకం ఆగి, ఓడ ఖాళీగా వెళ్ళిపోయే పరిస్థితి వచ్చాక కంపెనీ ఒప్పుకుంది. "ఈ రోజు బస్సెవమ్మ తన తమ్ముడితో కలిసి తిరిగి వచ్చింది" అని గుమాస్తా రాసుకున్నాడు.

ఆ వాక్యం చూపించగానే మార్గ్రిట్ చేతిలో కప్పు కింద పెట్టేసింది.

"ఊరికి తమ్ముడుంటాడాండీ?" అంది నగ్మా.

"ఉండడు" అంది మార్గ్రిట్, పకపకా నవ్వుతూ. "ఈ ముక్క మీరే వెళ్ళి ఆయనకి చెప్పండి. నేను చెప్తే బాగుండదు."

నగ్మా కాగితం నకలు తీసుకుని టెర్‌బేక్ ఇంటికి వెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, భూతద్దంతో అక్షరం అక్షరం చూశారు. తలుపు దాకా వచ్చి సాగనంపుతూ, "మీ థీసిస్ పరీక్షకి నన్ను పిలుస్తారా?" అని మాత్రం అడిగారు.

2006 శీతాకాలంలో ఆ పరీక్ష జరిగింది. అక్కడ అది నలుగురిలో జరిగే పండగలాంటిది. నల్లగౌన్లు వేసుకున్న ప్రొఫెసర్లు వరసగా నడిచి వచ్చి పాత హాల్లో కూర్చుంటారు. థీసిస్ రాసినవాళ్ళు అందరి ముందూ నిలబడి ప్రశ్నలకి జవాబులివ్వాలి. బుడాన్, నగ్మా తల్లి ఖుర్షిదా సత్తెనపల్లి నుంచి వచ్చారు. బుడాన్ కొత్త కోటు వేసుకున్నాడు. ఖుర్షిదా పట్టుచీర మీద కూతురి స్వెట్టర్ తొడుక్కుని, దాని మీద శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇద్దరూ కళ్ళార్పకుండా చూస్తున్నారు. నగ్మా అక్కడ నిలబడి ఆ పెద్దవాళ్ళ ప్రశ్నలకి తడుముకోకుండా జవాబులు చెబుతుంటే, ఈ పిల్లేనా కొట్టులో దూది మూటల మీద కూర్చుని ఎక్కాలు బట్టీ పట్టింది అనిపించింది బుడాన్‌కి.

చివరగా టెర్‌బేక్ లేచారు.

"నలభై ఏళ్ళ కిందట నేను ఒక మనిషిని ఊరిగా మార్చేశాను. ఆమె మాటని తూకంరాయి చేశాను. ఈ అమ్మాయి ఆ మనిషిని మళ్ళీ మనిషిని చేసింది. నా దగ్గర ప్రశ్న లేదు, ఒక కోరిక ఉంది. ఆ మాటని నేను ఇన్నేళ్ళూ కాగితం మీదే చూశాను. మీ నోటితో ఒక్కసారి వినిపించండి. ఆమె ఎలా అని ఉంటుందో అలా."

నగ్మా ఊపిరి పీల్చుకుంది. తల అడ్డంగా ఊపుతూ, గొంతు పెంచి అంది.

"ఒద్దు! ఒద్దు!"

అంతసేపటి నుంచీ వినబడుతున్న పరాయి మాటల మధ్య తన మాట ఒకటి చెవిన పడేసరికి ఖుర్షిదా ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"ఏంటే అమ్మాయ్? ఏం ఒద్దు? ఏమన్నా అంటన్నారా నిన్ను?"

నగ్మా మొహం చేతుల్లో దాచుకుంది. హాల్లో అందరూ అటు తిరిగారు. టెర్‌బేక్ మెల్లగా, "ఆవిడ ఏమంటున్నారు?" అని అడిగారు.

"మా అమ్మండీ. ఏం వద్దంటున్నావు, నిన్నెవరన్నా ఇబ్బంది పెడుతున్నారా అని అడుగుతోంది."

ఆయన ఖుర్షిదా వైపు తిరిగి, కర్ర మీద ఆనుకుని, తల వంచి నమస్కారం చేశారు. "మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ మాట విన్న వెంటనే అర్థమైన మనిషి ఈ హాల్లో కూర్చుని ఉంది. నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు" అన్నారు. ముందు మార్గ్రిట్ చప్పట్లు కొట్టింది. తర్వాత హాలంతా కొట్టింది. అలాంటి పరీక్షల్లో మధ్యలో చప్పట్లు కొట్టే ఆచారం లేదట. ఖుర్షిదా ఎందుకో తెలియకపోయినా, అందరితో పాటు తనూ కొట్టింది.

పట్టా చేతికొచ్చాక మార్గ్రిట్ వాళ్ళని మెట్ల పక్కన ఉన్న ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. పరీక్ష ఫలితం కోసం అభ్యర్థులు చెమటలు కక్కుతూ ఎదురుచూసే గది అది. పాసైనవాళ్ళు గోడ మీద సంతకం చెయ్యడం అక్కడి ఆనవాయితీ. నాలుగు గోడలా, పైకప్పు దాకా పేర్లే పేర్లు.

నగ్మా కిటికీ పక్కన కాస్త ఖాళీ వెతుక్కుని, తెలుగులో రాసింది: నూర్‌బాషా నగ్మా.

బుడాన్ దగ్గరికి వెళ్ళి, పట్టా పట్టుకున్న కూతుర్నీ, గోడ మీది అక్షరాలనీ మార్చి మార్చి చూశాడు.

"ఊరి పేరు గూడా రాయమ్మా."

"చోటు లేదు నాన్నా."

"సన్నగా రాయి. రాయొచ్చు."

ఖుర్షిదా శాలువా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "రాయవే, మీ నాన్న అడుగుతున్నాడు గదా!" అంది. నగ్మా మునివేళ్ళ మీద నిలబడి, రెండు డచ్చి పేర్ల సందులో, బియ్యపు గింజలంత అక్షరాలతో సత్తెనపల్లి అని రాసింది.