ఎక్కువొచ్చిన మార్కులు

ఫలితాలొచ్చిన రోజు దర్జీ ఆవిడకు కాళ్ళు నేలమీద ఆనలేదు. భర్త పోయాక స్కూలు యూనిఫారాలు కుట్టి కూతుర్ని బడిలో ఆఖరి తరగతి దాకా లాక్కొచ్చిన మనిషి. కెమిస్ట్రీ అంటేనే హడలిపోయే ఆ పిల్లకు కెమిస్ట్రీలోనే తొంభై నాలుగొచ్చాయి. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళకు చెప్పింది, దారం కోసం వచ్చినవాళ్ళకు చెప్పింది, ఊరికే ఆ దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి మరీ చెప్పింది. సాయంత్రానికి వీధిలో ఆ సంగతి తెలియని గడప లేదు.

పిల్ల మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది.

"అమ్మా, అవి నా మార్కులు కావు."

"మరెవరివే? పేరు నీది, నంబరు నీది."

"పెద్ద ప్రశ్నలు రెండు ముట్టుకోనే లేదు. ఇంకొకటి సగంలో వదిలేశాను. దిద్దేవాళ్ళ చెయ్యి ఎంత జారినా అన్ని రావు."

"తక్కువొచ్చాయని ఏడ్చేవాళ్ళను చూశాను గానీ, ఎక్కువొచ్చాయని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నా. నోరు మూసుకుని కాలేజీలో చేరు."

బస్సు డ్రైవరైన మేనమామ ఆ పూట భోజనానికి వచ్చి ఉన్నాడు. "నాకు లెక్కల్లో సున్నా వేశారే కోడలా. అది మాత్రం చాలా కచ్చితంగా వేశారు" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మజ్జిగ అడిగాడు.

పిల్ల మనసులో గుచ్చుకుంటున్న ముల్లు వేరే ఉంది. తనకు కూర్చోబెట్టి కెమిస్ట్రీ చెప్పిన స్నేహితురాలు, మందుల షాపాయన కూతురు, అదే పరీక్ష తప్పింది. ఆ అమ్మాయి గది తలుపు వేసుకుని ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆ షాపాయన తనలాంటి తల్లిదండ్రుల్ని కూడగట్టుకుని రోజూ పరీక్షల ఆఫీసు ముందు నిలబడుతున్నాడు. దిద్దిన పేపర్లు పిల్లలకు చూపించండి, సరైన జవాబులేవో బయటపెట్టండి అని అడుగుతున్నారు. తప్పినవాళ్ళు ఏటా ఇలాగే గోల చేస్తారని ఆఫీసువాళ్ళు చేతులు దులిపేసుకుంటున్నారు.

"నేనూ వెళ్ళి చెప్తానమ్మా" అంది పిల్ల.

"వెళ్ళు. సీటు పోయాక వచ్చి ఈ మిషను తొక్కు" అంది తల్లి. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసేపు తనే బాధపడింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

ఒక మధ్యాహ్నం షాపాయన ఒక పొడవాటి గుడ్డ పట్టుకుని వచ్చాడు. దాని మీద ఎర్ర రంగుతో 'మా పేపర్లు మాకు చూపించండి' అని రాసి ఉంది. అంచులు మడిచి, రెండు పక్కలా కర్ర దూరేలా కుట్టమన్నాడు.

ఆవిడ మిషను ముందు కూర్చుంది గానీ తలెత్తి ఆయన్ని చూడలేకపోయింది. గుడ్డ తిప్పుతూ, "అన్నయ్యగారూ, పేపరు చూపించాక మీ అమ్మాయి నిజంగానే తప్పిందని తేలితే?" అని అడిగింది.

"తేలనీ చెల్లెమ్మా. ఇదిగో ఇక్కడ తప్పు రాసిందని చూపిస్తే సరే అంటాను. మళ్ళీ చదివించుకుంటాను. చూపించకుండా తప్పిందంటే నా కూతురికి నేనేం చెప్పను? ఇప్పుడు అది తన బుర్రనే నమ్మడం మానేసింది."

కుట్టుకూలి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. ఆయన వెళ్ళాక గది వైపు చూసింది. కూతురు కాలేజీ అప్లికేషను ముందేసుకుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. దీని పరిస్థితీ అదే కదా అనిపించింది. తప్పిన పిల్ల తన బుర్రను నమ్మడం లేదు, గెలిచిన పిల్ల తన గెలుపును నమ్మడం లేదు.

మర్నాడు కొట్టుకు తాళం వేసి, కూతుర్ని వెంటబెట్టుకుని పరీక్షల ఆఫీసుకు వెళ్ళింది.

అధికారి వాళ్ళ మాట సగం విని, "ఎన్ని మార్కులు పెరుగుతాయనుకుంటున్నారు?" అన్నాడు.

"తగ్గాలండి" అంది పిల్ల.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మార్కులు తగ్గించమని అడగడానికి మా దగ్గర ఫారం లేదమ్మా."

"ఫారం లేకపోతే తప్పు తప్పు కాకుండా పోతుందా అండీ?" అంది తల్లి. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ విలేకరి అదంతా విన్నాడు. తక్కువొచ్చినవాళ్ళు ఎందరు మొత్తుకున్నా లోపలి పేజీలో కూడా పడని సంగతి, ఎక్కువొచ్చిన ఒక్క పిల్ల మాటతో మొదటి పేజీకి ఎక్కింది. ఇక ఏడుపుగొట్టువాళ్ళ గోల అనడానికి ఆఫీసువాళ్ళకు వీల్లేకపోయింది. ఆ పిల్లల పేపర్లున్న కట్ట విప్పారు.

దిద్దేవాళ్ళకు ఎవరి పేపరో తెలియకుండా ప్రతి పేపరు మీదా, దాని వివరాల చీటీ మీదా ఒకే కోడ్ స్టిక్కరు అంటిస్తారు. ఆ కట్టలో ఒకచోట ఒక స్టిక్కరు చిరిగింది. అక్కణ్ణుంచి అన్నీ ఒకటి పక్కకు జరిగిపోయి, ఒకరి మార్కులు ఇంకొకరికి పడ్డాయి. తొంభై నాలుగు ఎవరో ముక్కూ మొహం తెలియని అబ్బాయివి. షాపాయన కూతురికి ఎనభై ఏడు. దర్జీ ఆవిడ కూతురికి నలభై ఒకటి.

అడిగిన ప్రతివాళ్ళకూ ఇక నుంచి దిద్దిన పేపరు చూపిస్తామని ఆఫీసు ప్రకటించింది. పిల్లకు రాబోయిన సీటు మాత్రం పోయింది. వీధిలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు "బంగారంలాంటి సీటు చేజేతులా పోగొట్టుకున్నారు" అన్నారు. ఊరంతా చాటిన నోటితోనే దర్జీ ఆవిడ ఇంటింటికీ నలభై ఒకటి అని చెప్పుకోవలసి వచ్చింది. మొదటి రెండు మూడు రోజులు కష్టంగా వచ్చిన మాట, తర్వాత మామూలుగానే వచ్చింది.

పేపరు నకలు ఇంటికి వచ్చినప్పుడు తల్లీకూతుళ్ళు దాన్ని మిషను బల్ల మీద పరిచారు. కూతురి పరీక్ష పేపరు ఆవిడ చూడటం అదే మొదటిసారి. ఖాళీగా వదిలేసిన పేజీ దగ్గర పిల్ల సిగ్గుపడింది. తల్లి పేజీ తిప్పేసింది. ఇంకో పేజీలో, సగం దాకా టిక్కులు పడి ఆ తర్వాత కొట్టేసిన జవాబు మీద వేలు పెట్టింది.

"ఇదెందుకు కొట్టేశారే?"

పిల్ల కుర్చీ దగ్గరకు లాక్కుని, ఎక్కడ దారి తప్పిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడకు సగం కూడా అర్థం కాలేదు. అయినా ఊఁ కొడుతూ చివరిదాకా విన్నది.