తడి తగిలిన చెంప

సాన్ బార్తోలో ఊరి చర్చిలో క్రీస్తు ప్రభువు విగ్రహాన్ని పొడి దూదితో తప్ప తుడవరు. అది చెక్కా కాదు, రాయీ కాదు. మొక్కజొన్న కాడల్లోని బెండును పొడిచేసి, అడవిపూల దుంపల జిగురుతో ముద్దగా కలిపి చేసిన ఒళ్ళు. పైన సన్నని సుద్దపూత, దాని మీద రంగులు. నాలుగు వందల ఏళ్ళనాటిది. నిలువెత్తు మనిషే అయినా ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని దించగలిగేంత తేలిక. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం ఆయన్ని సిలువ మీద నుంచి దించి, దుప్పటి పరిచిన బల్ల మీద పడుకోబెడతారు. శ్వాస తగలకుండా నోటికి శాలువ కట్టుకుని దుమ్ము తీస్తారు. ఆ దూది పింజలు ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్తాయి. నీళ్ళు మాత్రం ఆయన దాపులకి రాకూడదు.

ఈ సంగతి దెల్ఫీనాకి తెలియక కాదు. ఆ ఏడు ప్రభువు సేవ వాళ్ళింటిదే. సేవ అంటే చర్చి ఊడవడం, పూలు మార్చడం, చూడవచ్చినవాళ్ళకి తలుపు తీసి అన్నీ చూపించడం. చిక్కంతా ఆ చూడవచ్చేవాళ్ళతోనే వచ్చింది. గులాబిరంగు రాతి ముఖద్వారాన్నీ, వాద్యాలు వాయించే దేవదూతల్ని చిత్రించిన చెక్క పైకప్పునీ చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మెడలు నొప్పిపుట్టేదాకా పైకి చూసి, చివరికి ప్రభువు ముందు నిలబడి, "అయ్యో, మొహం సరిగా కనపడట్లేదే" అంటారు. కొవ్వొత్తుల మసి మరి. ఆమధ్య వచ్చినావిడ ఒకతి "ఈయన నల్ల క్రీస్తా?" అని కూడా అడిగింది. దెల్ఫీనా తన ఇంట్లో గరిటెల వెనకవైపు కూడా తళతళలాడేలా తోమే మనిషి. మీ పిల్లాడికి స్నానం చేయించరా అని నలుగురిలో అడిగినట్టనిపించింది ఆమెకి.

ఆ శుక్రవారం ఆమెకి తోడుగా తొమాసా వచ్చింది. దెల్ఫీనా కూతురి జ్ఞానస్నానం నాడు పిల్లకి రెండో తల్లిగా నిలబడ్డ మనిషి తొమాసా. ఆనాటి నుంచీ ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి కాక "కొమాద్రే" అనే పిలుచుకుంటారు. తోడబుట్టినవాళ్ళకంటే గట్టి వరస అది. భర్త పోయాక తొమాసా ఒక్కతే ఉంటోంది. కుడికంట్లో పొర కమ్మింది. వచ్చే ఏడు ప్రభువు సేవ ఆమెది. సేవకోసం ఏళ్ళ కిందట వరసలో పేరు ఇచ్చినప్పుడు భర్త బతికే ఉన్నాడు.

"నేను పూలు పట్టుకొస్తాను కొమాద్రే," అంది తొమాసా ఆ వేళ. "అందాకా ఈయన్ని కనిపెట్టి ఉండండి. ఇప్పుడే లేచి కూర్చుంటాడేమో, ఈస్టర్ ఆదివారం దాకా ఆగమనండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె అటు వెళ్ళగానే దెల్ఫీనా ప్రభువు మొహం మీదికి వంగింది. సోమవారం నాడు రాజధాని నుంచి ఒక ప్రొఫెసరమ్మ తన బృందంతో వస్తోంది. ఎడమ చెంప మీద మసి మరీ చారికలు కట్టి ఉంది. దూది ఎంత అద్దినా వదలడం లేదు. అప్పుడామె శాలువ కిందికి లాగి, దూది కొసని నాలికతో తడిచేసింది. బడికి వెళ్ళే పిల్లాడి మూతి తుడిచే తల్లి ఎలా చేస్తుందో, అచ్చం అలాగే. ఆలోచించి చేసిన పని కాదు.

మసి వచ్చింది. దాని కింద చెంప లేత గులాబిరంగులో బయటపడింది. దెల్ఫీనాకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తర్వాత చేసింది మాత్రం ఆలోచించే చేసింది. పూలకోసం తెచ్చిపెట్టిన బకెట్టు మూల ఉంది. లేచి వెళ్ళి దూది ముంచి, పిండి, తెచ్చి తుడిచింది. రెండోసారి తుడిచేసరికి దూది ఎర్రబడింది. చెంప మీద చిత్రించిన కన్నీటి చుక్క లేదు. నుదుటి ముల్లు నుంచి దిగే నెత్తుటి గీత సగంలో ఆగిపోయింది. అక్కడ తెల్లటి సుద్ద కనిపిస్తోంది.

దూది జేబులో కుక్కుకుంది. ప్రభువు జుట్టు నిజమైన జుట్టే. ఊళ్ళో ఆడపిల్లలు మొక్కుకుని ఇచ్చిన జడలతో కుట్టింది. అందులోంచి ఒక పాయ ముందుకు లాగి చెంపని కప్పేసింది.

తొమాసా తెల్లపూల మోపుతో వచ్చి, కిటికీ దగ్గర పెట్టి, వాటి మీద బకెట్లో నీళ్ళు చిలకరించింది. "మెడలు వాలేస్తున్నాయి పాపం. ఇటు రండి కొమాద్రే, ఈ కట్ట విప్పండి. ఏంటలా పాలిపోయారు?"

"శాలువలో ఊపిరాడలేదు," అంది దెల్ఫీనా.

సోమవారం ప్రొఫెసర్ బెరెనీసె వచ్చింది. పొట్టి జుట్టు, చేతిలో టార్చి, మాటల్లో తొందర లేని మనిషి. ఆమె వెంట కెమెరాలతో పదిమంది దాకా ఉన్నారు. దెల్ఫీనా వాళ్ళని ముఖద్వారం దగ్గర ఎంతసేపు నిలపాలో అంతసేపూ నిలిపింది. పైకప్పులో ఒక్కొక్క దేవదూతనీ, చేతిలోని వీణనీ, బూరనీ విడివిడిగా చూపించింది. ప్రొఫెసరమ్మ ఓపిగ్గా విని, చెవిటి దోన్ ఫెర్మీన్ అనుమతి తీసుకుని నిచ్చెనెక్కింది. చెవిటివాడు కాదు ఆయన, అనవసరమైన మాటలు వినపడనట్టుంటాడని ఊళ్ళో అలా అంటారు. సేవ ఏ ఇంటికి వెళ్ళాలో తేల్చే పెద్దమనిషి ఆయనే.

నిచ్చెన మీద ప్రొఫెసరమ్మ జుట్టుపాయని వేలితో పక్కకి తీసింది. టార్చి వెలుగు చాలాసేపు ఒకచోటే నిలిచిపోయింది.

"ఇక్కడ తడి తగిలింది," అంది కిందికి చూడకుండానే. "పాతది కాదు. ఈ మధ్యే."

"తడా?" అన్నాడు దోన్ ఫెర్మీన్. ఆ మాట మాత్రం బాగానే వినపడింది. "మా ఊళ్ళో ఆయన దగ్గరికి నీళ్ళు తీసుకెళ్ళేవాళ్ళెవరూ లేరు."

"మళ్ళీ వెయ్యొచ్చా అమ్మా ఆ రంగు?" అని అడిగారెవరో.

"వేస్తే అది నేను వేసిన చెంపవుతుంది. పోయింది పోయినట్టే."

దెల్ఫీనా నోరు తెరిచింది. చెప్పేద్దామనే తెరిచింది. ఆ లోపలే బెంచీ మీద నుంచి తొమాసా లేచి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే," అంది. "శుక్రవారం పూల మీద నీళ్ళు చిలకరించాను. ఈ పాడుకంటికి దూరం తెలియదు. ఆయన మీద పడి ఉంటాయి. నేనే చేశాను దోన్ ఫెర్మీన్, నేనే."

కిటికీకీ బల్లకీ మధ్య ఎంత దూరం ఉందో దెల్ఫీనాకి తెలుసు. బకెట్టు బకెట్టంతా విసిరినా ఒక్క చుక్క పడదు. తెరిచిన నోటితో ఆమె అన్నదల్లా ఒక్కటే. "కూర్చోండి కొమాద్రే."

కూర్చోమన్నందుకు తొమాసా ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ రోజు నుంచి దెల్ఫీనా రోజూ రేపు చెప్తాను అనుకునేది. పొద్దున్నే మొక్కజొన్న రుబ్బించుకోవడానికి మర దగ్గరికి వెళ్తే, తొమాసా వస్తుండగా వరసలో ఉన్న ఒకామె గట్టిగా అంది: "అమ్మలారా, కుండలు మూసుకోండి, నీళ్ళ తొమాసా వస్తోంది!" నలుగురూ కిసుక్కుమన్నారు. తొమాసా కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. "మూసుకోండి తల్లీ, నాకు చూపు లేదు, నీ నోట్లో కూడా పడొచ్చు," అంది. అందరూ ఇంకా నవ్వారు. దెల్ఫీనా తన గిన్నెలోని మొక్కజొన్నల్నే చూస్తూ నిలబడింది. తల ఎత్తితే చాలు, చెప్పాల్సి వస్తుంది.

ఇంట్లో భర్త ఎలీసెయో చిక్కుళ్ళు తింటూ అన్నాడు, "పాపం, మీ కొమాద్రే సేవ వద్దనుకుంటోందట. ఆదివారం దోన్ ఫెర్మీన్‌కి చెప్పేస్తుందట. నేను తగను అంటోందట. నువ్వు చెప్పి చూడు. నీ మాటంటే ఆవిడకి గురి."

దెల్ఫీనా కాలుస్తున్న రొట్టె పెనం మీద మాడింది. ఆ ఇంట్లో రొట్టె మాడటం ఎలీసెయో ఎరగడు. ఆ మాడినదే తీసుకుని తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె తొమాసా ఇంటికి వెళ్ళింది. ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు వేడివేడిగా పట్టుకెళ్ళింది. ఉత్తచేతులతో వెళ్ళే ధైర్యం లేక.

"మీరు రావడమే మేలయింది," అంది తొమాసా. పెట్టె తెరిచి ఒక తెల్లటి గుడ్డ తీసి మంచం మీద పరిచింది. చర్చి బల్ల మీద వెయ్యడానికి కుట్టిన గుడ్డ. అంచు పొడుగునా మొక్కజొన్న కంకులు, మధ్యమధ్య చిన్న నీలిపూలు. ఒక కొసన కుట్లు సన్నగా, వరసగా ఉన్నాయి. పోనుపోను పెద్దవై వంకర్లు తిరిగాయి. చూపు తగ్గుతూ వచ్చిన ఏళ్ళన్నీ ఆ అంచులో కనిపిస్తున్నాయి.

"నా ఏడు వచ్చినప్పుడు వేద్దామని కుట్టుకున్నాను. ఇక నాకెందుకు? నా తర్వాతి వరస ఎవరిదో, వాళ్ళకివ్వండి. నేనిచ్చానని చెప్పకండి, నీళ్ళ తొమాసా గుడ్డ అని పక్కన పడేస్తారు."

"కొమాద్రే, నేను చేశాను," అంది దెల్ఫీనా.

"ఏంటి?"

"చెంప. మీ నీళ్ళు అక్కడిదాకా రాలేదు. మీరు పూలకి వెళ్ళినప్పుడు నేనే తడి దూదితో తుడిచాను. మొదట ఉమ్మితో. తర్వాత బకెట్లో ముంచి."

తొమాసా మంచి కంటితో ఆమెనే చూసింది.

"ఉమ్మితోనా," అంది.

"మొహం మసిగా ఉందని…"

"ఆయన సంగతి అడగట్లేదు. ఆయనకి అంతకంటే పెద్ద గాయాలే ఉన్నాయి. సోమవారం నేను లేచి నిలబడ్డాను. నువ్వు కూర్చోమన్నావు. నీ చెయ్యి పట్టుకుని ఏడ్చాను నేను. నువ్వు పట్టుకోనిచ్చావు."

"అవును."

"మర దగ్గర కూడా ఉన్నావు."

"ఉన్నాను."

"మా ఆయన సమాధి దగ్గరికెళ్ళి క్షమించమని అడిగొచ్చానే! మన వరస పోగొట్టాను అని చెప్పొచ్చాను! ఇప్పుడెళ్ళి ఆయనకేం చెప్పను? మన అమ్మాయి తల్లే చేసిందని చెప్పనా?" తొమాసా గుడ్డని మడవకుండానే ముద్దచేసి పెట్టెలో వేసింది. "ఆ ముద్దలు తీసుకుపో. నాకొద్దు."

ఆదివారం పూజ అయ్యాక చర్చి వాకిట్లో అందరూ చేరారు. చేతుల్లో మట్టల పండుగ తాటాకులు. దోన్ ఫెర్మీన్ వచ్చే ఏటి సేవ మాట ఎత్తబోతుంటే దెల్ఫీనా ముందుకి వచ్చింది. అంతా చెప్పింది, ఒక్కటీ దాచకుండా. విన్నాక దోన్ ఫెర్మీన్ మొహం మెత్తబడింది.

"చూశారా," అన్నాడు నలుగురి వైపు తిరిగి. "కొమాద్రే అంటే ఇదీ. స్నేహితురాలి సేవ పోకూడదని నింద తన మీద వేసుకుంటోంది. ఊళ్ళో ఇంత శుభ్రమైన మనిషి లేదు, ఈమె ఆయన మీద నీళ్ళు పోస్తుందా? వెళ్ళి కూర్చో తల్లీ. నీ మంచితనం మాకు తెలుసు."

ఔనౌనన్నారు అందరూ. ఎవరో ఆమె భుజం తట్టారు. అబద్ధం ఆడినప్పుడు కూడా దెల్ఫీనాకి ఇంత సిగ్గు వెయ్యలేదు. "నిజం చెప్తున్నాను," అంది. "నిజమండీ." ఎవరూ వినిపించుకోలేదు. ఎలీసెయో ఒక్కడే తల దించుకుని నేలకేసి చూస్తున్నాడు.

వెనకనుంచి తొమాసా వచ్చింది. ఆమె చేతిలో తాటాకు లేదు.

"మంచితనం లేదు, మట్టీ లేదు," అంది. "ఆవిడే చేసింది. నిన్న నాతో చెప్పింది. నేను చెయ్యనిది చేశానని ఏడ్చినందుకు నాకూ బుద్ధి లేదు. దోన్ ఫెర్మీన్, నా ఏడు నాకు కావాలి. నేను వదలను."

"మరి ఈమెని ఏం చెయ్యమంటావ్?" అన్నాడాయన, ఇద్దరినీ మార్చిమార్చి చూసి. "ఈ ఏడు సేవ ఇంకా అయిపోలేదుగా. తీసెయ్యమంటావా?"

తొమాసా తెరిచి ఉన్న చర్చి తలుపు వైపు చూసింది.

"తీసెయ్యకండి. వచ్చినవాళ్ళకి ఆవిడే చూపించాలి. ఆ జుట్టు వెనక్కి కట్టెయ్యాలి. చెంపకేమైందని అడిగితే, ఎవరు చేశారో ఆవిడే చెప్పాలి. అడక్కపోయినా చెప్పాలి."

అలాగే కానిమ్మన్నాడు దోన్ ఫెర్మీన్.

ఇంకో వారానికి పువెబ్లా నగరం నుంచి పెళ్ళి కుదిరిన జంటా, వాళ్ళ పెద్దవాళ్ళూ వచ్చారు. ద్వారం చూశారు, పైకప్పు చూసి మురిసిపోయారు. ప్రభువు ముందు నిలబడి చెంప సంగతి ఎవరూ అడగలేదు. మసి తప్ప వాళ్ళకేమీ కనపడినట్టు లేదు. బయటికి వెళ్ళబోతూ టోపీలు సర్దుకుంటున్నారు. పక్క బెంచీ మీద తొమాసా పాతపూలు ఏరుతోంది. ఆ శనివారం తర్వాత ఆమె దెల్ఫీనాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడూ తల ఎత్తలేదు.

"ఒక్క నిమిషం," అంది దెల్ఫీనా. "ఎడమ చెంప చూడండి. అక్కడ ఒక కన్నీటి చుక్క ఉండేది. నేను తడి దూదితో తుడిచేశాను. నింద ఇంకొకరి మీద పడితే, కొన్నాళ్ళు పడనిచ్చాను."

పెళ్ళికూతురు జాలిగా చూసింది. "అయ్యో, అసలు తెలియనే తెలియట్లేదండీ," అంది. ఆ దయ తట్టుకోవడమే కష్టమైంది దెల్ఫీనాకి. ఇక అయిపోయిందనుకుని తలుపు వైపు తిరిగింది.

"వెనకాల ముసలాయనకి వినపడలేదు," అంది తొమాసా పూలల్లోంచి తలెత్తకుండా. "మళ్ళీ చెప్పండి. గట్టిగా."