ఆకు బొమ్మ డబ్బా

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి అశోక్‌నగర్‌కు తిరిగే సందు మొదట్లో మా కిరాణా దుకాణం ఉండేది. పొద్దున ఆరింటికి ఆ సందులో బర్రెలు నడిచేవంటే ఇప్పటివాళ్లు నవ్వుతారు. తొంభై అయిదులో కూడా నడిచేవి. వాటి వెనకాల పేడ తట్ట పట్టుకుని కురుమమ్మ వచ్చేది. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. బస్తీలో ఒక్క బర్రెను సాకుతూ, అశోక్‌నగర్‌లో అయిదిళ్ల గిన్నెలు తోమేది.

ఆమె పనికో పద్ధతుండేది. ఎంగిలి గిన్నెలు మొదట ఉత్తగా కడిగిన నీళ్లు, బియ్యం కడుగు, గంజి, అన్నీ కుడితి బకెట్లోకి, బర్రె కోసం. పొడి పెట్టి తోమాక కడిగిన నీళ్లు మోరీలోకి. ఆ రెండింటినీ ఎన్నడూ కలవనిచ్చేది కాదు.

నాకూ వ్యాపారంలో కొన్ని పద్ధతులుండేవి. ఇంగువ వాసన చూసి అందులో పిండి ఎంతో చెప్పేవాణ్ణి. చింతపండు రెండు వేళ్లతో నలిపితే గింజ సంగతి తేలిపోయేది. బస్తాలో వచ్చిన సరుకును ఎప్పుడూ నమ్మలేదు. డబ్బాలో వచ్చినదాన్ని మాత్రం నమ్మాను. అచ్చు వేసి ఉంది కదా, అబద్ధం ఎందుకు వేస్తారనుకున్నాను. నా లెక్కల్లో అంత పెద్ద తప్పు మరొకటి లేదు.

ఆ వేసవిలో ఉదయ్ కుమార్ అనే ఏజెంటు గిన్నెలు తోమే పొడి తెచ్చాడు. పాత నీలం డబ్బా పోయి పచ్చ డబ్బా వచ్చింది. దాని మీద పెద్ద ఆకు, ఆకు పక్కన పిట్ట, కింద లావు అక్షరాలతో ‘ప్రకృతి మిత్రం’.

“ముందల వరుసల పెట్టున్రి అన్నా. అశోక్‌నగర్ మేడమ్‌లు ఆకు చూసి ఎగబడకుంటే నన్నడుగున్రి,” అన్నాడు.

నిజంగానే ఎగబడ్డారు. కురుమమ్మ పనిచేసే అయిదిళ్లలో నాలుగిళ్లకు పచ్చ డబ్బానే పోయింది.

ఒకరోజు మంచి గిరాకీ వేళ ఆమె వచ్చి నిలబడింది.

“సేటూ, నల్లా దినం ఇడిసి దినం వస్తున్నది. బర్రె దూపకు అరుస్తున్నది. ఈ ఆకు పొడి నీళ్లు కుడితిల పోస్తే ఏమన్న అయితదా?”

నేను డబ్బా తిప్పి కూడా చూడలేదు. “ఆకు ఉన్నది, పిట్ట ఉన్నది. ఏమైతది? పొయ్యి.”

నాలుగో రోజు ఆమె తట్ట లేకుండా వచ్చింది. “బర్రె పండుకున్నది సేటూ. లేస్తలేదు. నురగ కక్కుతున్నది. నువ్వు చెప్పినట్లే పోసిన.”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ ఒక్క బర్రె పాలతోనే వాళ్లింట్లో సగం రోజులు గడిచేవని నాకు తెలుసు. ‘నేనెప్పుడు చెప్పిన?’ అని తప్పించుకునే వీలుంది. ఆ గిరాకీ గోలలో నా మాట విన్న సాక్షి ఎవరూ లేరు. తక్కెడ మీద చెయ్యి పెట్టుకుని ఆ సంగతి కూడా ఆలోచించాను. దాచడమెందుకు?

తర్వాత నా భార్య పద్మను దుకాణంలో కూర్చోబెట్టి, స్కూటర్ మీద నారాయణగూడ వెళ్లి పశువుల డాక్టర్ రామచంద్రయ్య గారిని తీసుకొచ్చాను. ఆయన కుడితి బకెట్లో వేలు ముంచి వాసన చూశారు.

“సబ్బు నీళ్లు తాపిన తెలివిమంతుడు ఎవరయ్యా?”

“నేనే తాపించిన సార్.”

కురుమమ్మ నావైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది.

డాక్టర్ మందు పోసి, “మంచినీళ్లు తాపున్రి. రెండు దినాలు పోతే గాని చెప్పలేను,” అన్నారు. మా ఇంట్లో తాగడానికి పట్టుకున్న నీళ్లు రెండు బిందెలు మోసుకెళ్లాను.

వచ్చి నీలం డబ్బా, పచ్చ డబ్బా పక్కపక్కన పెట్టుకుని చదివాను. వెనకవైపు సన్న అక్షరాలు రెండింటికీ ఒక్కటే. పొడిలో కలిపినవీ అవే. పచ్చ డబ్బా అడుగున మాత్రం ఒక వాక్యం ఎక్కువుంది: ‘ఈ డబ్బా పాత కాగితంతో తయారైనది.’

మర్నాడు ఉదయ్ కుమార్ వస్తే రెండూ ముందు పెట్టాను.

“మిత్రం ఏందిరా నాయనా, పొడా, అట్టా?”

“అట్టనే అన్నా. పొడి పాతదే.”

“మరి పిట్ట?”

“పిట్ట అందానికి. మిత్రం అని రాసినం గని, బర్రెకు తాపుమని రాసినమా?”

అతని మాటలో తప్పు పట్టలేకపోయాను. అదే నాకు మంట. ఉన్న సరుకంతా అతని ఆటోలోకి ఎక్కించి పంపాను. ఆకు చూసి అలవాటు పడ్డ మేడమ్‌లు కొందరు బర్కత్‌పుర దాకా వెళ్లి అదే డబ్బా కొనుక్కున్నారు. పోతే పోయారు.

మూడో రోజు పొద్దున బర్రె లేచింది. పాలు తగ్గిపోయి మళ్లీ దారిన పడటానికి నెల పట్టింది. ఆ నెలంతా కురుమమ్మ నా దుకాణం మెట్టెక్కలేదు.

ఎక్కిన రోజు, బట్టల సబ్బు అడిగింది. తీసి చేతికివ్వబోతే పుచ్చుకోలేదు.

“సదువు,” అంది.

“ఏం సదవాలె?”

“ఎనకదిక్కు. అంతా. బొమ్మలిడిసిపెట్టి.”

నలుగురు గిరాకీలు నిలబడి చూస్తున్నారు. కళ్లజోడు పెట్టుకుని, సన్న అక్షరాల్లో ఉన్నదంతా, తయారైన ఊరు పేరుతో సహా, పైకి చదివాను. పద్మ లోపల నవ్వు ఆపుకోలేకపోయింది. అర్థం కాని చోట ‘ఇది నాకు తెల్వదు’ అని చెప్పాను. అప్పుడు చెయ్యి చాపింది.

“గిది తెల్వదని ఆనాడే చెప్తే అయిపోతుండె గద సేటూ.”

ఆమె బస్తీ ఖాళీ చేసి ముషీరాబాద్ వైపు వెళ్లేదాకా, నాలుగేళ్లు, ఏ కొత్త డబ్బా వచ్చినా ఆమె ముందు అట్లా చదివి వినిపించాకే అమ్మాను.