అరిగిన వేళ్ళు

సబ్బునీళ్ళలో నానీ నానీ, మాడిన గిన్నెలు గీకీ గీకీ ఆమె వేళ్ళమీది గీతలరిగి నున్నబడిపోయాయి. అదేం వింత రోగం కాదు, బాత్రూములు ఆసిడ్ పోసి కడిగే ఏ ఆడదాన్నడిగినా చెయ్యి చాపి చూపిస్తుంది. కాకపోతే ఆ ఇంటి వీధితలుపుకి మొగుడు కొత్తరకం తాళం పెట్టించాడు. వేలు పెడితేనే తెరుచుకుంటుంది. లోపలినుంచి బయటికెళ్ళాలన్నా వేలు పెట్టాల్సిందే. ఎవరు ఎప్పుడు తీశారో అతని ఫోనుకి చెబుతుంది. ఆ ఫోనులోని తాళం జాబితాలో అతను యజమాని, అతని తల్లి కుటుంబం, ఈమె అతిథి. ఇంత చాకిరీ చేసే అతిథిని ఎక్కడైనా చూశారా?

అత్తగారి వేలికి టక్కున తెరుచుకునే తలుపు ఈమె వేలికి ఎర్రలైటు చూపించేది. ఇక గుమ్మం దగ్గర నిలబడి మొగుడికి ఫోన్ చేసుకోవాలి. ఎక్కడికి, ఎందుకు, సంచిలో ఏముంది, అన్నీ అడిగి అప్పుడు ఆఫీసునుంచే ఫోనుతో తీసేవాడు. తలుపు కూడా దీన్ని మనిషి కింద లెక్కెయ్యట్లేదని స్నేహితుల ముందు పగలబడి నవ్వేవాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయేది. అయినా నవ్వేది.

తాళానికి బ్యాటరీ మార్చడానికొచ్చిన మెకానిక్‌ని బతిమాలుకుంటే అతను పది వేళ్ళూ పెట్టించి చూశాడు. ఏ పనికీ పెద్దగా అక్కర్లేక ఎడమచేతి చిటికెన వేలొక్కటి బతికిపోయింది. దాన్ని తాళంలోకి ఎక్కించి వెళ్ళాడు. మర్నాడే ఆ వేలితో తలుపు తీసుకుని, పక్కవీధి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం అడిగి వచ్చింది. సోమవారం చేరమన్నారు. తాళం ఆ చాడీని అప్పుడే మొగుడి ఫోనుకి మోసేసిందని పాపం ఆమెకి తెలీదు.

సోమవారం పొద్దున అతను బూట్లు వేసుకుంటూ ముద్దుగా అడిగాడు. "ఏ వేలు? ఏదీ, చూపించు."

చూపించింది. ఆ వేలు పట్టుకుని తలుపుసందులో పెట్టి, భుజంతో తలుపు నెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమె కేకకన్నా ముందు వినిపించింది. అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టింది, అంతే. అతను ఫోనులోంచి పెళ్ళాం పేరు తీసేసి, తలుపుమీద నెత్తురు తుడవమని చెప్పి ఆఫీసుకెళ్ళిపోయాడు.

వేలికి తడిగుడ్డ చుట్టుకుంటుంటే ఆమెకి ఏడుపు రాలేదు, కసి వచ్చింది. కదలకుండా కూర్చున్న ఆ ముసలిదాని మెడ పిసికేద్దామనే లేచింది. దగ్గరికెళ్ళాక మెడ వదిలేసి మణికట్టు పట్టుకుంది. కుర్చీ పడిపోయినా ఆగకుండా హాలంతా ఈడ్చుకెళ్ళి ఆ బొటనవేలు తాళానికేసి అదిమింది. పచ్చలైటు వెలిగింది, తలుపు తెరుచుకుంది.

అత్తగారు చెయ్యి లాక్కోలేదు. తన వేలికేసి చూసుకుంది.

"నీ పెళ్ళినాటికి నాకూ ఈ గీతలు లేవు. నువ్వొచ్చి నా పనంతా నెత్తినేసుకున్నాకే మళ్ళీ వచ్చాయి."

కోడలు ఆ మణికట్టు వదిలి, గుమ్మం దాటి, చెప్పులేసుకుంది.

"గిన్నెలు ఇవాళ్టినుంచి మళ్ళీ మీవే అత్తయ్యా. ఆ గీతలు మళ్ళీ అరిగిపోయేలోపు మీరూ బయటికొచ్చెయ్యండి."