రాశిలో నూకరత్నం వడ్లు

నేను వడ్లు కొలిచే కుంచాన్ని. అచ్చమైన ఇత్తడిని. కంచరి సుత్తి దెబ్బలు తిని పుట్టి, గోదావరి పక్కన ఓ ఊరి రైతు సంఘం చేతికి వచ్చాను. మనుషులు మాట తప్పుతారు గానీ నేను కొలత తప్పను. ఈ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి.

ఎన్నికలొస్తే మా సంఘం తనకు నచ్చిన అభ్యర్థికి విరాళం ఇస్తుంది. అందుకోసం ఇంటికి ఒక్క కుంచం వడ్లు రాశిలో పోయాలి. రాశి అమ్మిన సొమ్ము అభ్యర్థి చేతిలో పెట్టి, అందరి ఎదుటా రసీదు తీసుకుంటారు. పోసిన ప్రతి ఇంటివారూ ఆయన్ని ఒక ప్రశ్న అడగవచ్చు. ఓసారి నలభై ఎకరాల ఆసామి బస్తాలకు బస్తాలు తోలుకొచ్చాడు. సంఘం పెద్ద అబ్బులు గారు ఒక్క కుంచం పోయించుకుని మిగతావి వెనక్కి పంపేశారు. అప్పటినుంచి ఆయనంటే నాకు ప్రాణం.

మొన్నటి ఎన్నికలప్పుడు కౌలు రైతు నూకరత్నం వచ్చింది. ఆమె వేసిన చేను వరదలో మునిగింది. పరిహారం మాత్రం పొలం ఎవరి పేరున ఉందో ఆయనకు వెళ్ళింది. ఆమె తెచ్చినవి నానిపోయి నల్లబడ్డ వడ్లు.

"అయ్యి కలిపితే రాశంతటికీ ధర పడిపోద్దండి," అన్నాడు సంఘం గుమాస్తా.

"పడనియ్యవయ్యా. ఆవిడికి అడగాల్సింది ఉంది," అన్నారు అబ్బులు గారు.

మా వైపు కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఇంటికి ఒక్క కుంచమే కాబట్టి ప్రతి ఇంటికీ అదే మాట. ఆయన నన్ను నింపి, "లాభం" అంటూ రాశిలోకి వంచారు. అంతా పోగొట్టుకున్న మనిషి వడ్లకు ఆ మాట విని నా గుండె చెరువైంది.

అభ్యర్థి భద్రం గారు రాగానే నూకరత్నం లేచి నిలబడింది.

"పైరు నాదండి, పరిహారం ఆయనకెళ్ళిందండి. తమరు గెలిస్తే పరిహారం లిస్టులో కౌలోళ్ళ పేర్లు రాయిస్తారా అండి?"

ఆయన ముందు వరుసలో ఉన్న ఆసాములకేసి ఓసారి చూసి, "చూద్దాంలేమ్మా," అన్నారు.

"చూద్దాం కాదండి. అవునో కాదో చెప్పండి," అన్నారు అబ్బులు గారు.

భద్రం గారు కండువా సర్దుకున్నారు.

"అయితే ఈ రాశి తమరికి కాదండి," అన్నారు అబ్బులు గారు.

విరాళం ఆగిపోతే ఎవరి వడ్లు వారికి తిరిగి ఇచ్చేయాలి. కలిసిపోయిన రాశిలో ఎవరివి ఏవని ఏరతారు? ఇంటికో కుంచం చొప్పున కొలిచారు. ఆసాములు కూడా సంచులు పట్టారు. నూకరత్నానికి దాదాపు అన్నీ మంచి గింజలే వచ్చాయి. ఆమె నల్లటి వడ్లు ఊళ్ళో ప్రతి ఇంటికీ కాసిన్ని చేరాయి. అందరూ వాటిని మిల్లులో ఆడించుకుని అన్నం వండుకున్నారు. ఒక్కరూ ఏరి పారేయలేదు.